బోణీ గంప

అన్నియ్యా,

నువ్వు సముద్రంలోకి సేపల వేటకెళ్ళి తిరిగి రాక నేటికి ఏడాది. కలకత్తా బిజినెస్ స్కూలోళ్ళు నన్ను ఇంటర్వ్యూకి పిలిసినారు. నిన్న మా లెక్చరరు గారు దానికి తయారుసేద్దామని నన్ను కూకోబెట్టి ప్రశ్నలడిగినారు.

"వ్యాపారం దగ్గరగా చూశావా?"

భావనపాడు ఒడ్డున నువ్వు రోజూ బోణీ సేపల గంపని ఓ ముసలమ్మకి తక్కువకే ఇచ్చేసేవోడివి. ఆ సంగతి విని బేరగాళ్ళంతా నీ పడవ దగ్గరే మూగేవోరు. అదే సెప్పినాను.

ఆయన కుర్సీలోంచి లేసి, "ఎవరయ్యా అతను? ఇంటర్వ్యూకి అతన్నే పంపాల్సింది!" అన్నారు. నా ఫస్టుక్లాసు మాటే ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోనాది. అమ్మకీ ముందునుంచీ అంతే, నీ తరవాతే నేను.

కలకత్తాలో మాత్రం ఆ తెలివి నాదేనని సెప్తాను. కోపమొస్తే, వచ్చి కాదను.