వాన నాటకం తెర

అరసికెరె, శుక్రవారం రాత్రి

రేపటి నాటకానికి సామాన్లు సరిచూసే పని నాది. సాయంత్రం స్టేజీ మీద పెట్టె తెరిచి కిరీటాలు, గదలు, హార్మోనియం, పెట్రోమాక్స్ లైట్లు అన్నీ చూసి టిక్కు పెట్టుకున్నాను. తెర కూడా కట్టించాను. ఏదీ మరిచిపోలేదని గర్వంగానే ఉండింది.

అంతలో పక్కింటి ముసలి ఈరప్ప వచ్చాడు.

"ఈ నాటకం ఎందుకు మొక్కుకున్నామో గుర్తుండాదాప్పా?"

"వాన కోసం గదా."

"మరి ఇప్పుడు శెనక్కాయ యాడుండాది?"

ఆషాఢంలో చినుకు లేక మొక్కుకున్న నాటకం ఇది. వేషగాళ్ళంతా కూలికి బెంగళూరు పోయి దసరాకు గానీ తిరిగి రాలేదు. ఈలోగా అరకొర తడికే కాస్త పంట చేతికొచ్చింది. ఊరంతా వేరుశెనగ చెట్లు పీకి చేలల్లోనే కుప్పలు వేసింది. దసరా నుంచీ నాటకం పద్యాలు సాధన చేస్తూనే ఉన్నాం, ఇప్పుడు వానొస్తే ఆ కుప్పలు తడిసి పాడవుతాయని ఒక్కరికీ తట్టలేదు.

"నిలిపేద్దామా?" అన్నాను.

"దేవుని మొక్కు ఎట్ల నిలుపుతావప్పా?"

ఆ మాట ముగియకముందే పడమర ఉరిమింది. ఈరప్ప స్టేజీ ఎక్కి తెర తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. నేనూ రెండో కొస పట్టుకున్నాను.

రాజభవనం బొమ్మ వేసిన ఆ తెర ఇప్పుడు అతని చేలో శెనక్కాయ కుప్ప మీద ఉంది. ఊళ్ళో మిగిలిన కుప్పల మీద కప్పడానికి ఏమీ లేదు. మా ఇంటి రేకుల మీద చినుకుల చప్పుడు పెరుగుతోంది.

మేమింకా స్టేజీ మీద మొదటి పద్యమైనా ఎత్తుకోలేదు.