డెల్ఫీన్ పడవ దిగిందా?

ఇందుమూలంగా ఈరీ సరస్సు ఒడ్డున నివసించు యావన్మంది ప్రజానీకానికీ తెలియజేయడమేమనగా: మన ఫ్రిజ్ తలుపులోని ఆవాల సాస్ సీసాను నేటినుంచి తలకిందులుగా మాత్రమే నిలబెట్టవలెను. కోడిరెక్కలు నంజుకోవడానికి బ్లూ చీజ్ కాక మరొకటి అడిగినవారి చేతికి మంచు ఎత్తే పార ఇచ్చి వాకిట్లోకి పంపవలెను. పిల్లి టీవీ రిమోటు మీద కూర్చున్న పక్షంలో ఆట ముగిసేదాకా దానిని లేపరాదు, ఏలయనగా అది అలా కూర్చున్నాకే మొన్న మనకు ఆరు పాయింట్లు వచ్చినవి. ఈ ఉత్తర్వులను ధిక్కరించినవారు మా అమ్మను చర్చికి నడిపించుకు వెళ్లి, దారి పొడవునా ఆమె చెప్పేదంతా వినవలసి ఉండును.

ప్రియమైన జెనీవ్‌కు నీ మొగుడు నార్బర్ట్ రాయునది. ఇక్కడ నేనూ, అమ్మా, పిల్లీ, నీ తమ్ముడూ క్షేమం. నా నడుము ఒక్కటే క్షేమం కాదు. నువ్వూ, నీ ఓడా, నువ్వు వండిపెట్టే ఆ తిండిపోతులందరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం డెట్రాయిట్ దగ్గర టపా పడవ ఎక్కి, బకెట్‌లో పడి, తాడుతో నీ ఓడ పైకి వచ్చేసరికి తడిసిపోతే తప్పు నాది కాదు. నా అక్షరాలు ఎండలో కూడా అలాగే ఉంటాయి.

నీ ఉత్తరం గురువారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను, మధ్యలో దారి తప్పితే క్షమించు.

కింది గదిలోని హీటరు బాగైంది. అంటే మోగుతోంది, వేడీ ఇస్తోంది. ఆ రెండు పనులూ ఒకేసారి చేయడం దానికి ఈ ఏడాదే అలవాటైంది. అమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది. నేను గుర్తు చేస్తే వేసుకోదు, మర్చిపోయినట్టు నటిస్తే నన్ను తిట్టడానికి వేసుకుంటుంది. అందుకని రోజూ మర్చిపోతున్నాను. మంచు మాత్రం ఈసారి నవంబరుకే దిగబడింది. మునిసిపాలిటీ వాళ్లు నన్ను మంచు తోసే బండెక్కిస్తే తెల్లారేదాకా దింపడం లేదు. ఊరి ఈ చివర మంచు తోసి ఆ చివరికి వెళ్తానా, తిరిగొచ్చేసరికి ఈ చివర నన్నెవరూ ఎరగనట్టు మళ్లీ తెల్లగా ఉంటుంది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "బూట్లు విప్పి రా" అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నా గొంతుతో అంటే బూట్లు వినడం లేదు.

స్టాష్ ఎందుకు ఫోను ఎత్తడం లేదని అడిగావు. నీ తమ్ముడు ఫోను దాకా నడవలేడు. నెల కిందట ఒక మ్యాచ్‌కి ముందు స్టేడియం బయట బండ్లు ఆపేచోట మన మామూలు విందు జరుగుతోంది. కుర్రాళ్లు బండి మీంచి ప్లాస్టిక్ మడత బల్లల మీదికి దూకి వాటిని విరగ్గొడుతున్నారు. వీడికి యాభై నాలుగేళ్లు. చర్చిలో శుక్రవారం చేపల విందుకు వేసే పాత చెక్క బల్ల ఒకటి అరువు తెచ్చుకున్నాడు. నా లారీ కప్పెక్కాడు.

"బావా, చూస్కో!"

"ఒరేయ్, అది చెక్కరా! మీ తాతల నాటి చెక్క!"

"విరక్కపోతే నన్ను అడుగు!"

దూకాడు. బల్ల విరగలేదు. నీ తమ్ముడు విరిగాడు, వెన్ను కింద చివరి ఎముక దగ్గర. ఫాదర్ పరిగెత్తుకుంటూ వచ్చి వాడి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటే ప్రార్థన చేస్తారనుకున్నాం. బల్ల కాళ్లు తడిమి, "దీనికేమీ కాలేదు, దేవుడి దయ" అని లేచి వెళ్లిపోయారు. ఇప్పుడు ప్రతి ఆదివారం స్టాష్ మన సోఫా మీద బోర్లా పడుకుని, గడ్డం చేతుల మీద ఆనించి ఆట చూస్తున్నాడు, ఒడ్డున పడ్డ సీలులాగా.

ఇక పోయిన ఆదివారం. నువ్వు అడిగిన రెండు సంగతులూ, ఆటా సీరియలూ, ఆ ఒక్క రోజే అయిపోయాయి.

ముందు ఆట. మన కోచ్ గురించి నా అభిప్రాయం నీకు తెలుసు, ఇప్పుడది ఇంకా పెరిగింది. మూడు గజాలు చాలే చోట ముప్పై గజాలు విసరమంటాడు. ముప్పై కావాల్సిన చోట ఒకడి చేతికి బంతిచ్చి జనం మధ్యకు తోస్తాడు. బంతి విసిరే మన కుర్రాడి చెయ్యి బంగారం, కానీ వాడికి అడ్డం నిలబడాల్సిన అయిదుగురూ పెళ్లివిందులో వడ్డించేవాళ్లలా పక్కకు తప్పుకుని దారిస్తున్నారు. అమ్మ ఎప్పటిలాగే కిటికీ దగ్గర జపమాల పట్టుకుని, బంతి తన్నే ప్రతిసారీ గోడవైపు తిరిగి, "చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆటకి ఫుట్‌బాల్ అని పేరు పెట్టినవాణ్ణి ముందు నాకు చూపించండి, వాణ్ణి నేను తంతాను" అంది. ఈ మాట ముప్పై ఏళ్లుగా అంటోంది. మానేస్తే ఓడిపోతామని మేమెవరం వద్దనం.

సరిసమానంగా ముగిసింది. అదనపు సమయం ఇచ్చారు. అందులో చివరికి మనవాడు బంతి తన్నితే అది గాల్లో అందంగా వెళ్లి గోలు కుడి స్తంభానికి టంగుమని తగిలి, తిరిగొచ్చి వాడి కాళ్ల ముందే పడింది. మరుసటి విడతలో అవతలివాళ్లు తన్ని గెలిచారు. ఎందుకు ఓడామో స్టాష్ ఒక కారణం చెప్పాడు. అది తర్వాత రాస్తాను.

సీరియల్ చివరి భాగం నీకు టేపు చేసి పంపమన్నావు. చేశాను జెనీవ్. శనివారమే అద్దాలు పెట్టుకుని, ఆ టేపు పెట్టెతో పోట్లాడి, సీరియల్ మొదలయ్యే వేళకీ అయిపోయే వేళకీ గడియారం పెట్టాను. ఆట సాగి సాగి సీరియల్ వేళను తినేస్తుందని నాకు తట్టలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఆటలు చూస్తున్నవాణ్ణి, నాకే తట్టలేదు. టేపులో ముందంతా మన అదనపు సమయం ఉంది. ఆ టంగుమన్న చప్పుడు చాలా స్పష్టంగా పడింది. తర్వాత సీరియల్ మొదలై, డెల్ఫీన్ పెట్టె సర్దుకుని పడవెక్కిందో లేదో టేపు నల్లబడిపోయింది. అది పంపితే నువ్వు ఓడలోంచి దూకి ఈదుకుంటూ వచ్చి నన్ను కొడతావని పంపలేదు. మాటల్లోనే చెబుతాను.

పన్నెండేళ్లు చూశావు కదా, ముగింపు చూసే అదృష్టం నాకు పట్టింది. కెప్టెన్ రూర్క్‌ని వదిలి నిరుడు ద్వీపం దాటి వెళ్లిపోయిన డెల్ఫీన్ తిరుగు పడవ ఎక్కింది. అటు రేవులో రూర్క్ వానలో నిలబడి ఉన్నాడు. గొడుగు లేదు. వాడికి ఎప్పుడూ గొడుగుండదు, జీతం సరిగ్గా ఇవ్వరేమో.

"ఈవిడ పన్నెండేళ్లుగా ఏడుస్తూనే ఉంది. కళ్ల డాక్టరుకు చూపించుకుంటే పోయేది కదా!" అంది అమ్మ.

"అత్తమ్మా, నోరు మూసుకోవే, పడవ వస్తోంది!" అన్నాడు నీ తమ్ముడు, బోర్లా పడుకునే కళ్లు తుడుచుకుంటూ.

పడవ ఆగింది. డెల్ఫీన్ దిగింది. పెట్టె వాడు పుచ్చుకున్నాడు, కొండదారిలో ఇంటికి నడిచారు. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్లింది. అక్కడ తను రోజూ కూర్చునే కుర్చీ లేదు. పారేశాడనుకుని ముఖం మాడ్చుకుంది. వాడు ముందుగది తలుపు తీశాడు. కుర్చీ అక్కడ ఉంది, వాడి కుర్చీ పక్కన, వెచ్చగా ఉండే చోట. ఆవిడ కాసేపు నిలబడి, కోటు కూడా విప్పకుండా కూర్చుంది. "ఇక్కడ చలి తక్కువే" అంది. అంతటితో అయిపోయింది.

నువ్వడిగావు కనుక నా అభిప్రాయం: మధ్యలో ఒక మూడేళ్లు ఆ రచయితలు మన కోచ్ దగ్గర పాఠాలు నేర్చుకున్నారు. చచ్చినవాణ్ణి బతికించారు, బతికినవాడికి మతి పోగొట్టారు. కానీ కుర్చీ సంగతి మాత్రం బాగుంది.

మర్నాడు పొద్దున ఆటల రేడియోకి ఫోను చేసి, ముసలి గొంతు పెట్టి, "నేను మీ కోచ్ తల్లిని నాయనా, వాడికి చిన్నప్పట్నుంచీ కూడికలు రావు, గజాలు లెక్కపెట్టే పని వాడికిచ్చింది ఎవరు?" అని అడిగాను. పాపం ఆ కుర్రాడు, "అమ్మా, మీరేం బాధపడకండి" అని ఓదార్చాడు. ఊరంతా నవ్వుకుందట. ఫోను పెట్టేశాక ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. ఇలాంటప్పుడు నువ్వు వంటింట్లోంచి, నవ్వడం లేదన్నట్టు నవ్వేదానివి.

ఇప్పుడు నీ ఉత్తరం చివర, సంతకం కింద ఇరికించి రాసిన మాట. జనవరిలో సరస్సు గడ్డకట్టాక ఓడ డలూత్ రేవులో ఆగుతుందనీ, మీ అక్క డొలోరెస్ తన దగ్గర గది ఖాళీగా ఉందందనీ, అక్కడినుంచి ఎటు వెళ్లాలో ఇంకా అనుకోలేదనీ రాశావు. ఆ మాట చదివి మంచు బండిని మూడు వీధులు ఎత్తిన పారతోనే నడిపాను. వెనక మంచు మంచులాగే ఉంది.

మార్చిలో వెళ్తూ నువ్వు అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి. గిన్నెలు తుడుస్తూ అన్నావు: "నార్బర్ట్, నీ నోట్లోంచి వచ్చేదాంట్లో ఏది నిజమో ఏది వేళాకోళమో ఏరుకోవడానికే నా ఓపికంతా అయిపోతోందయ్యా. అక్కడ ఇరవై మందికి వండుతాను. ఆకలి అంటే ఆకలే అంటారు వాళ్లు." నేనప్పుడు కూడా ఏదో జోకు వేశాను. ఏమిటో గుర్తులేదు. నీకు గుర్తుంటుంది.

అందుకని ఈ ఉత్తరం కవరులో పెట్టి అంటించాక ఆ కవరు మళ్లీ చింపాను. నువ్వు ఓడలో ఆ తిండిపోతులందరికీ ముగింపు చెబుతావు, సంతోషిస్తావు, ఆ తర్వాత ఏ రేవులోనో ఎవరో అసలు సంగతి చెబుతారు. అది నా దగ్గరే వినాలి.

అసలు సీరియల్లో పడవ రేవుకొచ్చింది. గొలుసులు గలగలమన్నాయి, దిగే వంతెన కిందికి వాలింది. రూర్క్ టోపీ తీశాడు. పేర్లు పడిపోయాయి. అంతే. వంతెన మీద ఎవరూ కనబడలేదు. "ఏంటి బావా, అంతేనా?" అని స్టాష్ లేవబోయి కెవ్వుమన్నాడు. చేతిలో జపమాల ఉంది కనుక టీవీ బతికిపోయిందంది అమ్మ. ఆటలో ఓడినా ఓడావని బోర్డు మీద అంకె వేసి చూపిస్తారు, ఇంటికెళ్లి పడుకోవచ్చు. పన్నెండేళ్లు కూర్చోబెట్టి, మనిషి వచ్చిందో లేదో చెప్పకుండా దీపాలార్పేస్తే జనం ఎక్కడికి వెళ్లాలి?

ఆ సీరియల్లో కుర్చీ కూడా లేదు. అది మనది. నువ్వు గుమ్మంలోకొస్తే మనవాళ్లు ఓడతారని నీ తమ్ముడు కనిపెట్టిన దగ్గర్నుంచీ, ఆదివారాలు నువ్వు ఆ చిన్న టీవీ ముందు కూర్చున్న వంటింటి కుర్చీ. చిప్స్ గిన్నె తెచ్చి ఇచ్చి, టీవీకి వీపు తిప్పితే అరిష్టమని వెనక్కి వెనక్కే నడుచుకుంటూ వెళ్లేదానివి. ఆ నడక చూసి మేం నవ్వేవాళ్లం. శనివారం టేపు పెట్టాక ఆ కుర్చీని మోసుకొచ్చి నా కుర్చీ పక్కన వేశాను. గుమ్మంలో ఇరుక్కుని కాస్త రంగు గీరుకుంది, ఆ గీత కూడా చూసుకో. స్టాష్ చెప్పిన కారణం అదే. "అక్క లేకపోయినా అక్క కుర్చీ వచ్చింది కదా బావా, ఇంక గెలుస్తామా!" అని, బోర్లా పడుకునే చెయ్యి చాచి దాన్ని వంటింటి వైపు ఈడ్వబోయాడు. ముట్టుకుంటే ఇంకో ఎముక విరుగుతుందని చెప్పాను. మిగిలిన రెండు మ్యాచ్‌లూ గెలిస్తే గానీ మనకు ముందుకు దారి లేదు. అయినా అది అక్కడే ఉంది. ఇవాళ పొద్దున అమ్మ దాని మీద దుమ్ము తుడిచి వెళ్లింది.

నీకు ఏరుకునే శ్రమ లేకుండా నేనే వేరు చేసి పెడుతున్నాను. ఆట ఓడిపోవడం నిజం. టేపు పాడవడం నిజం. కుర్చీ నిజం. డెల్ఫీన్ పడవ దిగడం ఒక్కటే పూర్తిగా నేను కల్పించింది.

ఇట్లు,
ముందుగదిలో రెండు కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చుని రాస్తున్న
నీ మొగుడు
నార్బర్ట్