ఇటలీ బండి మీద వేలిముద్రలు

జ్ఞానాపురం, విశాఖపట్నం
శనివారం సాయంత్రం

అమ్మకి సుధ దణ్ణాలు పెట్టి రాస్తున్నది.

నేను ఇక్కడ కులాసాగానే ఉన్నాను. మీరూ కులాసాయే అనుకుంటున్నాను. కానీ నేను అనుకోవడం వేరు, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పడం వేరు కాబట్టి విడివిడిగా అడుగుతున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? నాన్న షుగర్ బిళ్ళ వేసుకుంటున్నారా, వేసుకున్నానని చెబుతున్నారా? మామ్మకి కంట్లో చుక్కలు ఎవరు వేస్తున్నారు? ఎదురు కొట్టువాడు ఇంకా ఎవరినో ఒకరిని పంపించి మన కర్రీ పాయింటులో గుత్తివంకాయ కొనిపిస్తున్నాడా?

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని అనుకుంటావు. నువ్వు ఫోనెత్తగానే చేతికి పిండి ఉందని స్పీకరు నొక్కుతావు. అక్కడి నుంచి నా మాటలు అన్నయ్యకీ, పప్పు పొట్లం కోసం నిలబడ్డవాళ్ళకీ కూడా వినపడతాయి. ఇది నీకొక్కదానికే. రేపు కాక పై ఆదివారం అన్నయ్య పాలకొల్లు నుంచి వ్యాను వేసుకొచ్చి నా ఇటలీ మోటారు సైకిల్ని ఎక్కించుకుపోయి అమ్మేస్తానన్నాడు కదా. అతను బయలుదేరే లోపల నువ్వు ఇది చదవాలి. అందుకే కొరియర్లో వేస్తున్నాను.

ముందు ఇక్కడి సంగతులు. ఉక్కపోత తగ్గలేదు. సముద్రం పక్కనే ఉన్నా గాలి మాత్రం తడి గుడ్డలా ఒంటికి అంటుకుంటుంది. ల్యాబులో పని అలవాటైంది. ఓడల్లో వచ్చిన బొగ్గు పొడి చేసి, కాల్చి, బూడిద ఎంత మిగిలిందో చూసి చెప్పాలి. రోజంతా బొగ్గు పరీక్ష చేసి ఇంటికొస్తే ఇక్కడా బొగ్గే. పోర్టు మీంచి వచ్చే నల్ల పొడి రాత్రికి రాత్రి కిటికీ మీద, బట్టల మీద, బండి మీద పడుతుంది. అరికాళ్ళు చూసుకుంటే నావి కావేమో అనిపిస్తుంది. తిండికి లోటు లేదు. కింద ఉండే మా ఇంటావిడ అప్పయ్యమ్మగారు ఆవ పెట్టిన కూర చేస్తే ఓ గిన్నెడు పైకి పంపిస్తుంది. నేను "ఆయ్" అన్నప్పుడల్లా నవ్వుతుంది. "మీ గోదారోలు నేదంటానికీ ఆయే, ఔనంటానికీ ఆయే" అంటుంది. బాగానే తింటున్నాను, నిజంగానే. చిక్కిపోయానని వీడియోలో నువ్వన్నది గదిలో లైటు వల్ల.

ఒంటరిగా ఉంటుందా అని అడిగావు. ఉంటుంది. ఆదివారం పొద్దున్నే జాలరిపేట దాటి, బీచ్ రోడ్డు పట్టుకుని, భీమిలి మీదుగా తగరపువలస దాకా వెళ్ళి ఒక టీ తాగి తిరిగొస్తాను. ఆ కాసేపు ఉండదు. ఈ ఊరు నాకు ఊరుగా తెలిసింది బండి వల్లనే. అది లేకపోతే నాకు మిగిలేది ఒక గది, ఒక ల్యాబు, మధ్యలో షేర్ ఆటో. అన్నయ్యకి అది పాత ఇనుము. నాకేమిటో నీకైనా తెలియాలి.

ఇక దాని రోగం సంగతి. మూడు నెలలుగా ఉన్నట్టుండి ఆగిపోతోందని నీకు తెలుసు. ఎలా ఆగుతుందో చెప్పలేదు. చక్కగా పోతూ పోతూ, గతుకులో పడగానే గుండె ఆగినట్టు ఆగిపోతుంది. మళ్ళీ తాళం తిప్పితే మీటరు దగ్గర ఎర్ర దీపం కొట్టుకుంటుంది. ఇటలీ బండికి తన తాళం తనకి గుర్తుంటుంది. గుర్తుపట్టకపోతే దొంగ వచ్చాడనుకుని స్టార్టవదు. అంటే ఇంత డబ్బు పోసి కొనుక్కున్న నన్ను పట్టుకుని నువ్వెవరంటోంది! మొన్న మల్కాపురం దాటాక అలా ఆగినప్పుడు వెనకాల ట్రెయిలర్ లారీ. వాడు బ్రేకు వేసిన చప్పుడు ఇంకా చెవుల్లో ఉంది. ఈ సంగతి అన్నయ్యకి చెప్పకు.

నేను చేతులు ముడుచుకు కూర్చోలేదు. బండి పుస్తకం ఇటలీ భాషలో ఉంది. ఫోను కెమెరా పెట్టి చదివించుకుంటే "గుర్రమును శాంతపరచి కుడివైపు తిప్పుము" లాంటి తెలుగు వచ్చేది. అయినా ఆ పుస్తకం చూసుకుంటూనే ప్లగ్గు మార్చాను. బ్యాటరీ తీగలు గీకి బిగించాను. ట్యాంకు మూతకి గాలి అందడం లేదేమోనని మూత వదులు చేసి నడిపాను. సైడ్ స్టాండు స్విచ్ మీద అనుమానమొచ్చి దాన్నీ విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ బాగుండి బండి ఆగిపోతోందంటే ఇక అనుమానించాల్సింది వస్తువుల్ని కాదు, మనుషుల్ని.

మొదట అమ్మినాయన. ఓడ మీద ఇంజినీరు, నాకు బండి ఇచ్చేసి సముద్రం మీదికి వెళ్ళిపోయాడు. తాళం ఒక్కటే ఇచ్చాడు. ఇలాంటి బండికి రెండో తాళం ఉండి తీరాలి. అది ఎవరి దగ్గరుంది?

తరవాత పాత ఊళ్ళో మెకానిక్ కరీం భాయ్. "ఇటలీదా అమ్మా? దీని తలేదో తోకేదో తెలాలంటే టైం పడతాది. ఒగ్గీసి ఎల్లండి, సూత్తాను" అన్నాడు. వదిలేసి వెళ్తే లోపలివి తీసి వేరేవి పెడతాడని నా అనుమానం. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటానన్నాను. "కూకోండి. మీరు కూకుంటే బండి బాగవదు, నా టీలు అయిపోతాయి" అన్నాడు. బండి ఇవ్వకుండానే వచ్చేశాను.

ఆ తరవాత అసలైనవాడు సూరిబాబు. మా ల్యాబుకి శాంపిల్ సంచులు తెచ్చే మనిషి. బండి ఆగిందని తెలిసినప్పుడల్లా వీడి మొహం వెలిగిపోతుంది. "ఏటి మేడమ్, మల్లీ ఆగిపోనాదేటి? ఇటలీ సంబంధం సేసుకుంటే ఇలగే ఉంటాది. నాకిచ్చీండి, నాను ఏలుకుంటాను" అంటాడు. పైగా రోజూ తన బండి తెచ్చి సరిగ్గా నా బండి పక్కనే పెడతాడు. కొనాలని ఉన్నవాడికి అది చెడిపోతేనే లాభం కదా. ఒకరోజు అందరి ముందూ అడిగేశాను, నా బండి దగ్గర నీకేం పనని.

"నానేటి సేసినాను మేడమ్? నీడ అక్కడే ఉంది, ఎట్టుకున్నాను. మీ బండినేటి కొరికీసినానా?" అన్నాడు.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. ఆ రోజు నుంచి ఎండలోనే పెడుతున్నాడు. తప్పు చేసినవాడు కాబట్టే దూరంగా పెడుతున్నాడని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

కానీ బొగ్గు పొడి వేరే మాట చెప్పింది. పొద్దున్నే బండి తుడిచే అలవాటు మానేసి, తుడిచే ముందు చూడడం మొదలుపెట్టాను. రాత్రి పడ్డ పొడి మీద ఎవరు చెయ్యి వేసినా అచ్చు పడుతుంది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా పిల్లి అడుగులు తప్ప ఏమీ లేవు. శనివారం మాత్రం హెడ్‌లైటు పక్కన వేళ్ళ గుర్తులు. సన్నటి వేళ్ళు. పక్కన గాజు రాసుకున్న గీత. సూరిబాబు గాజులు వేసుకోడు కదా!

పై శనివారం కూడా అంతే. అంటే దొంగ ఇంట్లోనే ఉంది.

ఇవాళ పొద్దున బాత్‌రూములో కుళాయి తిప్పి వదిలేసి, మెట్ల మలుపులో నిలబడ్డాను. అప్పయ్యమ్మగారు వచ్చింది. గేటు వైపు చూసింది, పైకి చూసింది, బండి ముందు గొంతుక్కూర్చుంది. హెడ్‌లైటు కింది సందులోకి మోచెయ్యి దాకా పెట్టి ఏదో గొణుక్కుంటూ తడుముతోంది. నేను దిగొచ్చి వెనకాల నిలబడ్డాను.

"ఏం చేస్తున్నారాంటీ?"

"అమ్మో! తానం సేత్తన్నావనుకున్నాను పాపా. ఏటీ నేదు. బల్లి దూరిపోనాది, తీత్తన్నాను."

"బల్లికి దారం ఎందుకు కడుతున్నారు?"

ఆవిడ చేతిలో నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు, సూదితో గుచ్చిన నల్లదారం. పాపం, దాచడానికి కొంగు కూడా అందలేదు.

"నా కోసం సేత్తన్నానేటి? మీ యమ్మే సెప్పింది" అంది. "శనివారం శనివారం కట్టండి వదినా, పిల్లకి కనపడితే తెంపి పారేత్తాది, లోపలికి కట్టండి అంది. సెప్పకూడదని ఒట్టు కూడా ఏయించుకుంది. ఇప్పుడు నా ఒట్టు ఏటవ్వాలి?"

నీ పేరు వినగానే నీ ఫోన్లు గుర్తొచ్చాయమ్మా. ప్రతి శనివారం ఫోన్లో "ఇవాళ బండి కడగలేదు కదా" అని అడుగుతావే, నీళ్ళు పొదుపు చేయమంటున్నావనుకున్నాను. బండి కొన్న కొత్తలో నువ్వు పంపిన నిమ్మకాయని వీడియోలో నీ కళ్ళెదుటే తెంపి పారేశాను. అప్పుడు నవ్వి ఊరుకున్నావు. నువ్వు నవ్వి ఊరుకున్నప్పుడే భయపడాలని నాకు తెలిసుండాల్సింది.

అప్పటికప్పుడు హెడ్‌లైటు విప్పాను. తాళం దగ్గరి నుంచి వచ్చే వైర్లన్నీ కలిసే ప్లాస్టిక్ గూడు ఒకటి అక్కడ ఉంటుంది. సరిగ్గా దాని మీదే వేలాడుతున్నాయి పాత శనివారాలన్నీ, ఎండి నల్లబడ్డ మిరపకాయలు, కుళ్ళి కారిన నిమ్మకాయలు. ఆవిడ కొత్తది కట్టేదే గానీ, దిష్టి తీసింది చేత్తో ముట్టుకోకూడదని పాతది తీసేది కాదు. సూది గుచ్చిన కన్నంలోంచి రసం బొట్టు బొట్టుగా గూట్లోకి దిగి, రాగి పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టేసింది. గతుకు వస్తే కరెంటు తెగుతోంది, ఇంజను ఆగుతోంది, తాళం బండికి గుర్తుండడం లేదు. ఇంత కెమిస్ట్రీ చదివి రాగికి పులుపు తగిలితే ఏమవుతుందో తెలిసిన నేను, దొంగతాళం ఎవరి దగ్గరుందా అని సముద్రం దాకా వెతికాను.

వంటసోడా నీళ్ళతో, పాత టూత్‌బ్రష్షుతో పిన్నులు ఒక్కొక్కటీ తోమి, ఆరబెట్టి, వదులైనవి సూదితో బిగించి, గ్రీజు రాసి మూశాను. అప్పయ్యమ్మగారు టార్చి పట్టుకుని ఒకటే గోల. "అయ్యయ్యో, దిష్టి తగలకూడదని కడితే మనవే దిష్టయిపోనామేటి!"

మధ్యాహ్నం మల్కాపురం మీదుగా గాజువాక దాకా వెళ్ళొచ్చాను. కావాలని ప్రతి గతుకులోనూ దింపాను. ఆగలేదు. ఒక్క పూట నడిస్తే నమ్మేసే మనిషిని కాను. వచ్చే శనివారం దాకా చూస్తాను. కానీ ఎర్ర దీపం వెలిగి, నన్ను గుర్తుపట్టి, ఆరిపోయింది.

సోమవారం సూరిబాబుకి సారీ చెప్పాలి. చింతకాయ పచ్చడి పంపేటప్పుడు అతనికీ ఒక సీసా కట్టు. అయినా నా బండి మీద అతనికి కన్ను ఉందన్నది మాత్రం అబద్ధం కాదు.

ఇప్పుడు అసలు మాట. టార్చి పట్టుకుని ఉండగా అప్పయ్యమ్మగారు ఇంకోటి కూడా చెప్పింది. "మీ యమ్మ ఫోన్లో ఏడ్సిందమ్మా. నువ్వా బండెక్కినకాణ్ణించీ నిద్ర నేదంట. రోజూ రాత్రి, బండి గుమ్మంలో ఉందా వదినా అనడుగుతాది. నాను ఉందంటే అప్పుడు ఫోనెట్టేత్తాది" అంది.

నాతో ఒక్కరోజూ అనలేదు. నాతో "ఎర్రగా బాగుందే" అన్నావు. భయమంటే నేను వినననుకున్నావా? విననేమో. కానీ అనాలి కదా. నాకు తెలియకుండా నా ఇంటావిడతో వదినల వరస కలుపుకుని, నా బండి కడుపులో దారాలు కట్టించి, పైకి నవ్వుతూ ఉన్నావు. నన్ను కాపాడడానికి కట్టిందే నన్ను లారీ ముందు ఆపింది. నిన్ను బాధపెట్టాలని ఈ మాట రాయడం లేదు. ఇంకోసారి ఏదైనా కట్టేముందు నన్నడుగుతావని రాస్తున్నాను.

ఇక వ్యాను. అన్నయ్య తనంతట తాను ఆదివారం కొట్టు మూసే మనిషి కాదు. గుత్తివంకాయ మాడుతున్నా మూయడు. మరి ఎవరి మాట మీద మూస్తున్నాడు? నాకు అనుమానంగా ఉంది. వ్యాను మాట్లాడింది అన్నయ్యేనా, నువ్వా?

అన్నయ్యే అయితే, వద్దని నువ్వే చెప్పు. ఎందుకు వద్దో కూడా నువ్వే చెప్పు, నిమ్మకాయలతో సహా. నవ్వుతాడు, నవ్వనీ. నువ్వే అయితే ఆ వ్యానులో అతన్నొక్కణ్ణీ పంపకు, నువ్వూ రా. బండి ఎక్కించమని నా ఎదురుగా, నీ నోటితో అను. నువ్వు నా మొహం చూస్తూ భయంగా ఉందే అంటే ఏం జవాబు చెప్పాలో నాకింకా తెలియదు. కానీ అది నేను, మా ఇంటావిడ దగ్గర కాదు, నీ దగ్గరే వినాలి.

నాన్నకి నమస్కారాలు. మామ్మ పాదాలకి దణ్ణం, చుక్కలు మానొద్దని చెప్పు. అన్నయ్యని అడిగానని చెప్పు, ఇందులో ఏముందో మాత్రం అన్నీ చెప్పకు. మీ అందరి దీవెనలూ నా మీద ఉండాలి, ఈసారి నాకు కనపడేలా.

ఇట్లు,
నీ మీద బెంగా పోని, నీ మీద అనుమానమూ పోని
నీ కూతురు
సుధ