కొండ నడుస్తోంది

జూలై 6
పెరటి గోడకు పొట్ట వచ్చింది. కొండవాలులో మా కింది ఇంట్లో ఒంటరిగా ఉండే పైడమ్మకు చేపల పులుసు ఇవ్వడానికి దిగితే కనిపించింది. మా పెరటి మట్టి జారకుండా కట్టిన గోడ, సరిగ్గా ఆవిడ వంటింటి మీదికి ఒరిగి ఉంది. ఆవిడ మాత్రం పులుసులో ఉప్పు తక్కువని వంక పెట్టింది.

పోర్టు నుంచి రాగానే ఈయనకు చెప్పాను. "గోడకి పొట్టొచ్చిందా? నాకూ వచ్చింది గదా, పడిపోనానేటి?" ఈ మనిషితో కన్నా కొండతో మాట్లాడటం నయం.

జూలై 7
వాన.

జూలై 9
మేస్త్రీ సింహాచలం వచ్చాడు. గోడంతా తడిమి ఒకటే ప్రశ్న... "కన్నాలేవమ్మా?"

నీళ్లు పోవడానికి గోడలో వదిలిన కన్నాలను పోయిన వానాకాలం నేనే సిమెంటుతో మూయించాను. ఎర్రనీళ్లు కారి తన వాకిట్లో ముగ్గు నిలవట్లేదని పైడమ్మ రోజూ పోట్లాట. మూయించిన మూడో రోజే బూరెలు పంపింది. అప్పటి నుంచీ అక్కాచెల్లెళ్లమే, ఆవిడ నాకు అప్ప.

"నీరు లోపలే ఉండిపోనాదమ్మా. తడిసిన మట్టి ఊరుకుంతాదేటి? తోసేత్తది."

మంచికి పోతే చెడు ఎదురైంది.

జూలై 10
పైడమ్మకు ఇంకా చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

జూలై 12
ఇంటికి పై వైపు కొండ కోసిన చోటు నుంచి సింహాచలం ఒక రాయి తీసి నా చేతిలో పెట్టాడు. చారలు చారలుగా, నిక్షేపంగా ఉంది. "నొక్కమ్మా." బొటనవేలితో నొక్కాను. పిండైపోయింది! ఎర్రమట్టి, తెల్లటి పొడి, మధ్యలో దానిమ్మ గింజల్లాంటి మెరుపులు.

"ఇదీ రాయేనమ్మా. వాన తాగీ తాగీ ఇలగయిపోనాది." ఎన్ని వానలు? ఎవరు లెక్కపెట్టారు!

తర్వాత జీడిమామిడి చెట్టు చూపించాడు. ఇన్నేళ్లు పిక్కలు ఏరాను గానీ దాని మొదలు ఎప్పుడూ చూడలేదు. అడుగున వాలు వైపు వంగి, పైకి పోనుపోను నిటారుగా ఉంది.

"మట్టి కిందకి దిగతంది, సెట్టు నిలబడతంది. మళ్లీ దిగతది, మళ్లీ నిలబడతది."

అంటే కొండ నడుస్తోంది. మేం వండుకుంటున్నా, పోట్లాడుకుంటున్నా... చప్పుడు లేకుండా. భయం వేసింది. భయం కన్నా ఎక్కువగా, దండం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా. సింహాచలం నవ్వాడు. నవ్వుకోనీ.

జూలై 13
కన్నాలు తెరిచాడు. ఎర్రనీళ్లు చిమ్మాయి. చీపురు పట్టుకుని పైడమ్మ బయటికి వచ్చింది. "ఏటే, మళ్లీ మొదలెట్టావా? నీకు నాను ఏటి సేసేనే?"

దిగి వెళ్లి అంతా చెప్పాను. వానలు పోయేదాకా వన్ టౌన్‌లో కూతురింటికి వెళ్లమని బతిమాలాను.

"అల్లుడింట్లో ఎన్నాళ్లుంతాను? పడితే పడనీ." తలుపు వేసుకుంది.

జూలై 14
వానల్లో కొత్త గోడ కట్టలేనన్నాడు సింహాచలం. గోడ పొట్ట మీద పడ్డ పగులుకు అడ్డంగా సన్నటి సిమెంటు పట్టీ వేసి వెళ్లాడు. అది చీలితే గోడ ఇంకా కదులుతున్నట్టే.

జూలై 16
పట్టీ చీలింది. వెంట్రుకంత గీత.

కిందికి దిగాను. పైడమ్మ కూర్చోమనలేదు. వంటింట్లో, గోడ వైపే చతికిలబడ్డాను. ఇక్కడే రాస్తున్నాను. అవతల మట్టి బరువు... నా వీపు వెనకే ఉంది.

"నీ మొగుడొచ్చే యేళయ్యింది, పో."

"నువ్వు లేగిస్తే నానూ లేగిస్తానప్పా."

గోడ వంక, నా వంక చూసింది. గిన్నెలో నాకోసం ఇంకో గ్లాసు బియ్యం పోసింది.