గుట్టలోంచి పిలుపు

చిన్నీకి అక్క దీవెనలు.

ఇక్కడ మేమంతా కులాసా. మీ బావ దగ్గు మాకంటే కులాసాగా ఉంది. మీ ఇంట్లోనూ అందరూ క్షేమమని తలుస్తాను.

పాత కంప్యూటర్లు పిండి చేసే మా షెడ్డులో పని తగ్గిందా అని అడిగావు. మీరుండగా తగ్గుతుందా తల్లీ! మీ ఆఫీసువాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ వదిలారు. అది పాత కంప్యూటర్లలో ఎక్కదట. అంతే, మా గుమ్మం ముందు లారీలు బారులు తీరాయి. ఇదివరకు చచ్చినవి వచ్చేవి. ఇప్పుడు నిక్షేపంలాంటివి వస్తున్నాయి. బ్యాటరీలో కరెంటు మిగిలిందేమోనని నేను ఒక్కొక్కటీ మీట నొక్కి చూస్తాను. దీపం వెలిగితే ఒక గుట్ట, వెలగకపోతే ఇంకో గుట్ట. తెర వైపు చూడను, ఆర్పను. అంత తీరిక ఎక్కడిది? మేస్త్రి బ్యాటరీ పీకి, మిగతాది బెల్టు మీద వేస్తాడు. బెల్టు పిండి చేసే యంత్రంలోకి పోతుంది.

నాన్న పాత లాప్‌టాప్‌లో కొత్తది ఎక్కడం లేదని ఆఫీసులో పాతవి వేసే పెట్టెలో పడేశానని రాశావు. అందులో ఉన్న నాన్న గొంతు రికార్డుకి ఇంకో కాపీ నా దగ్గరుంది కదా అని అడిగావు. ఆ జవాబు రాయడానికే భయపడి ఇంతసేపూ ఊరి కబుర్లు చెప్పాను.

నా దగ్గర లేదు చిన్నీ. నీ దగ్గరుందనుకున్నాను.

మీ ఆఫీసు లారీ దిగిన పొద్దున, వెలిగినవాటి గుట్టలోంచి నాన్న పిలిచాడు.

"చిన్నీ, లేమ్మా, కాలేజీకి టైమైంది. అక్కని కూడా లేపు."

మనల్ని లేపడానికి ఆయన తన గొంతుతో పెట్టిన అలారమే. ఆయన పోయాక కూడా మనం తీసెయ్యలేదుగా. దాన్ని మీట నొక్కి ఆ గుట్టమీద పడేసింది నేనే. రెండు చేతులతో తవ్వాను. అన్నీ ఒకటే బూడిదరంగు. పిలుపు మళ్లీ మొదలైంది, ఈసారి మేస్త్రి బల్ల మీదనుంచి. "చిన్నీ, లేమ్మా" అని సగంలో ఆగిపోయింది. మేస్త్రి బ్యాటరీ పీకేశాడు.

"ఆపండి! అది మా నాన్నది!" అని అరిచాను.

"ఏంటమ్మా? ఏదీ? ఇక్కడ అన్నీ ఒకలాగే ఉన్నాయి కదా!" అన్నాడు.

నేను పరుగెత్తేసరికి బెల్టు ఖాళీగా తిరుగుతోంది.

నిన్నేమీ అనను. కానీ ఇప్పుడు ఏ దీపం వెలిగినా నా చెయ్యి ఆగిపోతోంది. లోపల ఎవరో పిలవబోతున్నట్టే ఉంటుంది. కాసేపు వింటాను. మేస్త్రి కసురుతాడు. గుట్టమీద వేసేస్తాను.

ఈ ఉత్తరం అందిన మర్నాడు పొద్దున్నే నాన్న అలారం టైముకి ఫోన్ చెయ్యి. అక్కని లేపమన్నాడుగా నాన్న. ఆయన మాటల్లోనే లేపు. నేను మేలుకునే ఉంటాను.

ఇట్లు,
నువ్వు లేపాల్సిన
అక్క