కదలని గీత

ఫిబ్రవరి 11

ఆరో గ్యాస్ వెల్ డ్రిల్లింగ్ కూడా పూర్తయింది. పైన చూస్తే ఆరూ ఒకే మైదానంలో బడి బెంచీల్లా పక్కపక్కనే ఉంటాయి. కిలోమీటర్ల లోతుకు దిగాక మాత్రం రాతి పొరలో అడ్డంగా తిరిగి, దేని దారి అది చూసుకుంటుంది. అన్నదమ్ములు వేరుపడ్డట్టు అంటాడు బావ.

ఇక ఫ్రాకింగ్. ఒక వెల్లోకి నీళ్ళూ ఇసుకా బలంగా కొట్టి రాయిని పగలగొడుతుంటే, మూసి ఉన్న మిగతా వాటి ప్రెషర్‌ను వ్యాన్‌లో కూర్చుని స్క్రీన్ మీద చూడడం నా డ్యూటీ. పగులు పాకి పక్క వెల్‌కు తగిలితే అక్కడ ప్రెషర్ లేస్తుంది. లేస్తే పంపులు ఆపమని అరవాలి. అరిచే ఉద్యోగానికి నాకన్నా తగినవాళ్ళు లేరని బావ అందరికీ చెప్పాడు. అక్క మొగుడు కాబట్టి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 13

భోజనాల దగ్గర బావ ఒకటే నవ్వించాడు. పొద్దున నంబర్ త్రీ వెల్ మీదకెక్కి పాత ప్రెషర్ గేజ్ తీసి కొత్తది బిగిస్తుంటే, ఆఫీసుకు అక్క ఫోన్ చేసిందని వాకీటాకీలో పిలిచారట. ఇంట్లో సిలిండర్ అయిపోయిందట. ఉన్నపళంగా దిగి వెళ్ళి బుక్ చేశాడు. గ్యాస్ తీసేవాడి ఇంట్లో గ్యాస్ లేదని క్రేన్ ఆపరేటర్ పొలమారేదాకా నవ్వాడు.

ఫిబ్రవరి 16

నంబర్ ఫోర్ ఫ్రాకింగ్ మొదలైంది. పంపుల మోతకు వ్యాన్‌లో నా టీ కప్పు తనంతట తనే నడుస్తోంది. స్క్రీన్ మీద టూ, ఫైవ్ ప్రెషర్ గీతలు కాస్త వణుకుతున్నాయి. త్రీ మాత్రం బుద్ధిమంతురాలు. గీసిన గీత దాటలేదు. అన్నీ ఇలా ఉంటే మనకు పనేముంది అన్నాడు సూపర్‌వైజర్. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 17, ఉదయం

త్రీ నిన్నటిలాగే ఉంది.

ఫిబ్రవరి 20

ఇప్పటికి రాయగలుగుతున్నాను.

పదిహేడున మధ్యాహ్నం బావ నంబర్ త్రీ పక్క గొట్టం మూత మార్చడానికి వెళ్ళాడు. విప్పేముందు ప్రెషర్ ఎంతని వాకీటాకీలో నన్నే అడిగాడు. ఏమీ లేదు, విప్పుకోమన్నాను. మూత ఎగిరిపోయింది. ఇసుక కలిసిన నీళ్ళు సూటిగా ముఖానికి కొట్టాయి. ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి.

నా స్క్రీన్‌కు అంకెలు పంపే గేజ్ కింద చిన్న వాల్వ్ ఉంటుంది. గేజ్ మార్చేటప్పుడు మూస్తారు, మార్చాక తెరుస్తారు. అది మూసే ఉంది. నాలుగు రోజులుగా ఆ గేజ్ వెల్‌ను చూడనే లేదు. ఫోర్ నుంచి పగులు పాకి త్రీలో ప్రెషర్ లేచినా స్క్రీన్‌కు తెలియలేదు. నిజమైన గీత ఎండకీ చలికీ కూడా కాస్త కదులుతుంది. అది నాకు తెలుసు. కదలనందుకు భయపడాల్సింది పోయి మెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 23

విచారణ జరిగింది. వాల్వ్ ఎవరు మూసి వదిలేశారో తేలలేదు. బయటికి వచ్చాక క్రేన్ ఆపరేటర్ నన్ను పక్కకు పిలిచాడు. ఆ రోజు ఫోన్ కోసం దిగిన బావ మళ్ళీ త్రీ ఎక్కలేదట. సిలిండర్ బుక్ చేసి, నేరుగా ఫోర్ దగ్గర పనికి వెళ్ళిపోయాడట. ఎవరికీ చెప్పనన్నాడు. మరి నాకెందుకు చెప్పినట్టు?

బావకు ఈ సంగతి తెలిస్తే బతకాలనుకోడు. తన ఫోన్ వల్లేనని అక్కకు తడితే ఆమెను ఓదార్చడం ఎవరి తరమూ కాదు.

ఫిబ్రవరి 26

బావ తిండి మానేశాడు. ఆ పొద్దున వాల్వ్ తెరిచాడో లేదో ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదట. నా వేలితో నా కన్నే పొడుచుకున్నానా అని అదే మాట. అక్క చెంచా పట్టుకుని నిలబడితే ముఖం గోడకు తిప్పుకుంటాడు. ఇలాగే ఉంటే మనిషి దక్కడని డాక్టర్ చెప్పేశాడు. బావకు కోపం తెచ్చుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. తనమీద తనకున్నది చంపేస్తోంది.

మార్చి 1

ఈ రోజు నేరుగానే అడిగాడు. అక్క మంచం పక్కనే ఉంది.

"నిజం చెప్పు మరదలా. ఆ వాల్వ్ మూసి వదిలేసింది నేనేనా?"

"కాదు బావా. నువ్వు తెరిచే దిగావు. తర్వాత గేజ్ ఒకసారి చూద్దామని నేనెక్కాను. నేనే మూసి మర్చిపోయాను."

బయటికి పొమ్మన్నాడు. అక్క తలుపు దాకా వచ్చి, నేను దాటగానే వేసేసింది.

మార్చి 2

అక్క నా ఫోన్ ఎత్తడం లేదు. బావ ఈ పూట పళ్ళెం ఖాళీ చేశాడని నర్సు చెప్పింది.