గొర్రెలు లేని కర్ర

అత్తా,

ఈ జాబు నీకు అందదని తెలిసే రాస్తాండా. నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది.

చేను సోలారు కరెంటు కంపెనీకిచ్చి గొర్రెలు అమ్మేసినా, నీ కర్ర తలుపు వెనకాలే ఉండాది. నీ మనవరాలు పావని దాన్ని పారేయనీల్యా.

చిన్నప్పుడు అది మూతి ముడుచుకోని కూర్చుంటే నేను "ఏందే, ఏమైంది?" అని పీడించేదాన్ని. నువ్వు ఏమీ అడిగేదానివి కాదు. కర్ర చేతికిచ్చి, "గొర్రెలు ఆ పక్క పోతాండాయి, తిప్పుకోని రా పాపా" అనేదానివి. ఎండలో ఆయాసమొచ్చేదాకా తిరిగినాక, అదే నీకు అంతా చెప్పేది. నీ తెలివి నాకు రాల్యా అత్తా. దానికి వచ్చింది.

ఇప్పుడది ఎస్సెల్సీ, పదో తరగతి. మార్కులు తగ్గినాయని దాని క్లాసు పిల్ల సుమ బడి మానేసి ముసుగు తన్ని పండుకునింది. టీచరమ్మ వచ్చి చెప్పినా, వాళ్ళమ్మ ఏడ్చినా లేయల్యా. పావని పోయి, "తిరుమణి దారిలో కుక్కలుండాయి, తోడు రా" అని నీ కర్ర దాని చేతికిచ్చింది. ఊరి కుక్కలన్నీ పావనికి చుట్టాలే, నీకు తెలుసు కదా. రోజూ సాయంత్రం ఇద్దరూ సోలారు కంచె పొడుగునా నడిచినారు. సుమ మెల్లగా నోరు విప్పింది. ఇప్పుడు బడికి పోతాండాది.

ఈ పొద్దు నేను నీ ఫోటో ముందర కూర్చోని ఎంతసేపటికీ లేయకపోతే, పావని వచ్చి నిలబడింది. ఏమీ అడగల్యా. "కుక్కలుండాయి, తోడు రామ్మా" అని కర్ర నా చేతికిచ్చింది.

కంచె మలుపు దాకా కర్ర ఊనుకుంటా నడిచినా. ఆడినుంచి ఇల్లు చేరేదాకా నీ గురించే చెప్పినా.

దారిలో ఒక్క కుక్కా కనపడల్యా అత్తా.